పుర్రె ఒక్కటే, పుట్టుకలు వేరు: పిండంలో తల, దవడ ఎముకలు ఎలా తయారవుతాయి

పసిబిడ్డకి తలస్నానం చేయించే ముందు మాడుకి ఆముదం పెట్టడం మన ఇళ్ళలో మామూలే. అక్కడ వేలు ఆనిస్తే మెత్తగా ఉంటుంది, నాడి కొట్టుకున్నట్టు సన్నగా అదురుతుంది కూడా. అక్కడ ఇంకా ఎముక రాలేదని, ఆముదం పెడితే త్వరగా పూడుతుందని పెద్దవాళ్ళు అంటారు. మొదటి మాట నిజమే. రెండోదానికి ఆధారం లేదు. ముందు మాడు మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు, కొందరిలో రెండేళ్ళకి, దానంతట అదే పూడుకుంటుంది. తల వెనక వైపు ఇంకొక చిన్న మాడు ఉంటుంది. అది రెండు మూడు నెలల్లోనే మూసుకుపోతుంది కాబట్టి చాలామంది గమనించరు.

ఆ ముందు మాడు చుట్టూ నాలుగు ఎముకల అంచులుంటాయి. ముందు వైపు నుదుటి ఎముక, అప్పటికి ఇంకా రెండు ముక్కలుగా. వెనక వైపు నడినెత్తికి చెరోపక్కా ఉండే పెరైటల్ ఎముకలు రెండు. చేత్తో తడిమితే నాలుగూ ఒకేలా ఉంటాయి. కానీ నుదుటి ఎముకని కట్టిన కణాలకీ, పెరైటల్ ఎముకల్ని కట్టిన కణాలకీ పిండంలో చుట్టరికం లేదు. వేర్వేరు చోట్ల పుట్టి, వేర్వేరు దారుల్లో వచ్చి, ఆ మాడు అంచున ఎదురెదురుగా ఆగాయి.

పుర్రె పుట్టుక గురించి చదివేవాళ్ళకి, ముఖ్యంగా మెడికల్, డెంటల్ మొదటి ఏడాది పిల్లలకి, చిక్కుముడి పడేది ఇలాంటి చోటే. పుస్తకం ఒక పేజీలో ఎముకల్ని ఒకలా పంచుతుంది, ఇంకో పేజీలో ఇంకోలా పంచుతుంది, రెండు జాబితాలూ కలవవు. అవి కలవాల్సిన పని లేదు, ఎందుకంటే అవి వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ఈ ఎముక కణాలు ఎక్కడి నుంచి వచ్చాయి అనేది ఒక ప్రశ్న. వచ్చిన కణాలు ఎముకని ఏ పద్ధతిలో కట్టాయి అనేది రెండోది. ఏ ఆకారంలో కట్టాలో వాటికి ఎలా తెలిసింది అనేది మూడోది. ఒకదానికి జవాబు తెలిసినంత మాత్రాన మిగతా రెండూ తెలిసినట్టు కాదు. వీటిని విడదీసి చూస్తే, పుట్టుకతో వచ్చే ముఖ లోపాలు కూడా ఎందుకు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయో తెలుస్తుంది.

ఇంకొక్క చిన్న సంగతి. డాక్టరు గర్భాన్ని చివరి నెలసరి తేదీ నుంచి లెక్కపెడతారు. పిండశాస్త్రం ఫలదీకరణం నుంచి లెక్కపెడుతుంది. రెండింటికీ సుమారు రెండు వారాల తేడా. ఇక్కడ చెప్పే వారాలన్నీ ఫలదీకరణం నుంచి.

ఎక్కడి నుంచి వచ్చాయి?

మూడో వారంలో పిండం వీపు మీద ఒక పలక మందమవుతుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, ఒకదాని వైపు ఒకటి వంగి, అతుక్కుని గొట్టం అవుతాయి. మెదడు, వెన్నుపాము వచ్చేది ఆ గొట్టం నుంచే. నాలుగో వారం చివరికి గొట్టం పూర్తిగా మూసుకుంటుంది. ఆ మడతల కొసల మీద ఉన్న కణాలు మాత్రం గొట్టంలోనూ కలవవు, పైన పరుచుకునే చర్మంలోనూ ఉండిపోవు. పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించుకుని, విడివిడిగా మారి, పిండం లోపలికి ప్రయాణం కడతాయి. వీటినే న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు. మనలాంటి క్షీరదాల్లో తల దగ్గరి క్రెస్ట్ కణాలు గొట్టం మూసుకునేదాకా కూడా ఆగవు, ముందే బయల్దేరతాయి.

ఇవి చేరే చోట్ల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పేగు గోడలోని నరాలు, చర్మానికి రంగునిచ్చే కణాలు, ఎడ్రినల్ గ్రంథి లోపలి భాగం, ఇవన్నీ క్రెస్ట్ సంతానమే. తల నుంచి బయల్దేరినవి వీటికి తోడు మృదులాస్థిని, ఎముకని, పంటి పింగాణీ కింద ఉండే డెంటిన్ అనే గట్టి పదార్థాన్ని కూడా తయారు చేస్తాయి. మన ముఖంలో ఉన్న ఎముకలన్నీ దాదాపుగా వీటి పనే: దవడలు, చెంప ఎముకలు, ముక్కు ఎముక, అంగిలి.

ఈ విషయాన్ని శాస్త్రవేత్తలు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హిస్ 1868లోనే కోడి పిండంలో ఈ కణాల పట్టీని గుర్తించాడు. కానీ అప్పటికి పిండశాస్త్రంలో ఒక గట్టి నమ్మకం స్థిరపడి ఉంది. పిండంలో మూడు పొరలుంటాయి. బయటి పొర చర్మాన్నీ నరాల్నీ ఇస్తుంది, మధ్యపొర కండనీ ఎముకనీ ఇస్తుంది, లోపలి పొర పేగుల్నీ వాటి గ్రంథుల్నీ ఇస్తుంది. ఎవరి పని వాళ్ళదే. 1893లో జూలియా ప్లాట్ అనే అమెరికన్ పరిశోధకురాలు మడ్‌పప్పీ అనే ఉభయచర జీవి పిండాల్ని చూసి, తలలోని మృదులాస్థి బయటి పొర నుంచి వస్తోందని రాసింది. చాలామంది కొట్టిపారేశారు. ఆమెకి విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఉద్యోగం కూడా దొరకలేదు. పరిశోధన వదిలేసి కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్ళో స్థిరపడి, 1931లో ఆ ఊరికి మేయరైంది. శాస్త్రానికి నష్టం, ఆ ఊరికి లాభం అనుకోవాలి. ఆమె చూసింది సరిగ్గానే చూసింది.

తిరుగులేని రుజువు రావడానికి ముప్పావు శతాబ్దం పట్టింది. ఫ్రాన్స్‌లో నికోల్ ల దువారెన్ 1969లో ఒక చక్కటి ఉపాయం కనిపెట్టింది. కౌజు పిట్ట కణాల కేంద్రకాల్లో ఒక ముదురు ముద్ద ఉంటుంది. రంగు వేస్తే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోడి కణాల్లో ఆ ముద్ద ఉండదు. కాబట్టి కోడి పిండం నుంచి ఒక ముక్క తీసేసి, దాని చోట కౌజు పిట్ట పిండంలోని అదే ముక్కని పెడితే, ఆ తర్వాత ఆ కణాలు ఎంత దూరం పోయినా, ఏ ఎముకలో చేరినా, కేంద్రకాన్ని చూసి పోల్చుకోవచ్చు. అలా కోడిపిల్ల ముఖంలో కౌజు కణాలతో కట్టిన ఎముకలు కనిపించాయి. పక్షి పుర్రె పైకప్పులో క్రెస్ట్ వాటా ఎక్కడితో ఆగుతుందన్న దానిపై ఆ తర్వాత కూడా వాదనలు నడిచాయి. క్షీరదాల సంగతి 2002లో తేలింది. క్రెస్ట్ కణాలకి, వాటి సంతతికి శాశ్వతంగా గుర్తు పడేలా చేసిన ఎలుకల్లో, నుదుటి ఎముక మొత్తం ఆ గుర్తుతో కనిపించింది. పెరైటల్ ఎముకలు కనిపించలేదు. అవి మధ్యపొర సంతానం.

పుర్రె అడుగుభాగంలోనూ ఇలాంటి సరిహద్దే ఉంది. పిట్యూటరీ గ్రంథి కూర్చునే చిన్న గుంట దగ్గర, పిండానికి నడుమ కర్రలా ఉండే పృష్ఠవంశం ముందు కొస ఆగిపోతుంది. దానికి ముందు భాగం క్రెస్ట్‌ది, వెనక భాగం మధ్యపొరది.

వెనక భాగం గురించి ఒక సరదా చరిత్ర ఉంది. జర్మన్ కవి గోథేకి ఎముకల పిచ్చి కూడా ఉండేది. 1790లో వెనిస్‌లో పగిలి పడి ఉన్న గొర్రె పుర్రెని చూసి, పుర్రె అంటే రూపం మారిన వెన్నుపూసలే అనుకున్నాడు. 1807లో ఓకెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త అదే మాటని సిద్ధాంతంగా ప్రకటించాడు, అర్ధ శతాబ్దం పాటు అది బాగా చలామణీ అయింది. 1858లో లండన్‌లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఒక ఉపన్యాసంలో దాన్ని తుత్తునియలు చేశాడు. పెద్దయ్యాక ఎలా కనిపిస్తున్నాయని కాదు, పిండంలో ఎలా పుడుతున్నాయో చూడండి, పుర్రె పూసలుగా పుట్టడం లేదు అన్నాడు. హక్స్‌లీ పద్ధతి సరైనదే. అయినా గోథే పూర్తిగా ఓడిపోలేదు. వెన్నుపాము బయటికి వచ్చే పెద్ద రంధ్రం చుట్టూ ఉన్న ఆక్సిపిటల్ ఎముక అడుగుభాగం, పిండం వీపు పొడవునా మధ్యపొర కణాలు కట్టే దిమ్మెల వరుసలో, మెడ పూసల్ని ఇచ్చే వాటికి ముందున్న కొన్ని దిమ్మెల నుంచి వస్తుంది. ఆ ఒక్క మూలకి మాత్రం వెన్నుపూసతో నిజంగానే బంధుత్వం ఉంది.

ఎలా కట్టాయి?

ఎముక రెండు రకాలుగా తయారవుతుంది. మొదటి పద్ధతిలో కణాలు ఒకచోట గుమిగూడి, నేరుగా ఎముక కట్టే కణాలుగా మారి, చుట్టూ కొలాజెన్ అనే ప్రొటీన్ ఉన్న మెత్తని పదార్థాన్ని పోసి, దాంట్లో కాల్షియం ఫాస్ఫేట్ నింపుతాయి. ఒక చోట మొదలై, సన్నటి పుల్లల్లా నలువైపులా వ్యాపిస్తుంది. పుర్రె పైకప్పు, ముఖం ఎముకల్లో ఎక్కువ భాగం ఇలాగే వస్తాయి. రెండో పద్ధతిలో ముందు మృదులాస్థితో నమూనా తయారవుతుంది. స్లాబ్ పోసే ముందు సెంట్రింగ్ కొట్టినట్టన్నమాట. తర్వాత రక్తనాళాలు లోపలికి చొచ్చుకొచ్చి, మృదులాస్థి కరుగుతూ, దాని చోట ఎముక పడుతుంది. చేతులు, కాళ్ళ ఎముకలన్నీ ఇలాగే. తలలో అయితే పుర్రె అడుగుభాగం, ముక్కు లోపలి ఎత్మాయిడ్ ఎముక, లోపలి చెవిని చుట్టి ఉండే గట్టి ఎముక ఈ రకం.

ఇప్పుడు మొదటి ప్రశ్నని, రెండో ప్రశ్నని పక్కపక్కన పెట్టి చూడండి. నుదుటి ఎముక క్రెస్ట్ సంతానం, నేరుగా కట్టింది. పెరైటల్ మధ్యపొర సంతానం, అదీ నేరుగానే కట్టింది. ఎత్మాయిడ్ క్రెస్ట్ సంతానమే, కానీ మృదులాస్థి మీదుగా వచ్చింది. ఆక్సిపిటల్ అడుగుభాగం మధ్యపొర, మృదులాస్థి మీదుగా. నాలుగు కలయికలూ ఉన్నాయి. ముఖం ఎముకలు క్రెస్ట్‌వి కాబట్టి అన్నీ నేరుగా వస్తాయని, అడుగుభాగం మృదులాస్థి కాబట్టి అంతా మధ్యపొరదని గుర్తుపెట్టుకుంటే పరీక్షలో తప్పు రాస్తారు.

ఏ పద్ధతైనా చివర్లో ఎముక పడాలంటే రన్‌ఎక్స్2 అనే జన్యువు పనిచేయాలి. 1997లో ఈ జన్యువు రెండు ప్రతులూ లేని ఎలుకల్ని తయారు చేశారు. వాటి అస్థిపంజరం మృదులాస్థితో వచ్చింది గానీ ఎముక మాత్రం ఒంట్లో ఎక్కడా పడలేదు. పుట్టగానే ఊపిరి తీసుకోలేక చనిపోయాయి. మనుషుల్లో రెండు ప్రతుల్లో ఒకటి చెడితే క్లీడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అనే అరుదైన పరిస్థితి వస్తుంది. మాడు ఏళ్ళ తరబడి పూడదు, కాలర్ బోన్ సరిగా ఉండదు లేదా అసలే ఉండదు, అందువల్ల రెండు భుజాల్నీ ముందుకి తెచ్చి దాదాపు కలపగలరు. పళ్ళు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వస్తాయి, కానీ చాలావరకు చిగురులోనే ఇరుక్కుపోతాయి. అంటే దెబ్బ ఎక్కువగా నేరుగా కట్టే ఎముకల మీద పడింది.

దీనికి ఎదురుగా ఎకాండ్రోప్లేసియాని పెట్టండి. పొట్టి చేతులు, పొట్టి కాళ్ళతో ఉండే మరుగుజ్జుతనంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం అది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల మృదులాస్థి పెరుగుదల మందగిస్తుంది. దాంతో పుర్రె అడుగుభాగం పొట్టిగా ఉండిపోతుంది, ముక్కు మొదలు లోపలికి నొక్కినట్టుంటుంది. పైకప్పు మాత్రం మామూలుగా పెరుగుతుంది కాబట్టి నుదురు ముందుకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే తల, రెండు పద్ధతులు. ఒక పద్ధతి దెబ్బతింటే రెండోది దాని పని అది చేసుకుపోతుంది.

కింది దవడ కథ

పుర్రెలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది కింది దవడ. పైన చెప్పిన రెండు పద్ధతులూ దీంట్లోనే ఉన్నాయి, పైగా ఒక మాయం కూడా ఉంది.

నాలుగో వారంలో పిండం గొంతు రెండు పక్కలా అడ్డంగా ఉబ్బులు వస్తాయి. చేపల్లో మొప్పల్ని మోసే నిర్మాణాలు ఇలాంటి ఉబ్బుల నుంచే వస్తాయి. వీటిని ఫారింజియల్ ఆర్చ్‌లు అంటారు. క్రెస్ట్ కణాలు పాయలుగా దిగొచ్చి వీటిని నింపుతాయి. మొదటి ఆర్చ్ రెండుగా చీలుతుంది. ఒక భాగం పై దవడకి, ఇంకో భాగం కింది దవడకి. కింది భాగంలో చెవి వైపు నుంచి గడ్డం దాకా ఒక మృదులాస్థి కడ్డీ వస్తుంది. 1820లో దాన్ని వివరించిన జర్మన్ శరీరశాస్త్రవేత్త పేరు మీద మెకెల్ మృదులాస్థి అంటారు.

కడ్డీ ఉంది కాబట్టి ఎముక దాంట్లోనే పడుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగదు. ఆరో వారంలో ఎముక ఆ కడ్డీకి బయటి పక్కన, దాన్ని తాకకుండా, నేరుగా మొదలవుతుంది. దవడ నరం రెండుగా చీలే చోటు దగ్గర, అంటే ఇప్పుడు గడ్డానికి కొంచెం పక్కగా నరం బయటికొచ్చే రంధ్రం ఉన్నచోట, మొదటి ఎముక చుక్క పడుతుంది. అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ పాకి, నరాన్ని కింద నుంచి తొట్టిలా చుట్టి, పైన పళ్ళ మొగ్గలకి చోటిస్తుంది. ఒంట్లో ఎముకగా మారడం మొదలుపెట్టేవాటిలో కాలర్ బోన్ తర్వాత రెండోది ఇదే.

మరి ఆ మెకెల్ కడ్డీ ఏమైనట్టు? నడుమ భాగంలో చాలావరకు కరిగిపోతుంది. ఒక చోట దాని పైపొర స్నాయువుగా మిగులుతుంది. ఏడో నెల నాటికి కడ్డీగా దాని జాడ దాదాపు ఉండదు. దాని వెనక కొస మాత్రం కరగదు. అది చెవి లోపలికి చేరి కూటకం, దాగలి అనే రెండు చిన్న ఎముకలవుతుంది. తొమ్మిదో తరగతి సైన్సులో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని బట్టీ పట్టిన మూడింటిలో మొదటి రెండూ దవడ కడ్డీ వెనక కొసే. మూడోది రెండో ఆర్చ్ నుంచి వస్తుంది.

1837లోనే కార్ల్ రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీంట్లోని వింతని పట్టుకున్నాడు. బల్లులు, పాములు, పక్షుల్లో దవడ కీలు క్వాడ్రేట్, ఆర్టిక్యులర్ అనే రెండు ఎముకల మధ్య ఉంటుంది. క్షీరదాల చెవిలో దాగలి, కూటకం ఉన్న చోటు, వాటి పుట్టుక చూస్తే, అవి ఆ రెండు ఎముకలే. అంటే మన పూర్వీకుల దవడ కీలు చిన్నదై చెవిలోకి వెళ్ళింది, దవడకి కొత్త కీలు ఇంకొకచోట ఏర్పడింది. వినడానికి కట్టుకథలా ఉన్నా, శిలాజాలు ఒక్కొక్కటిగా దీన్నే చెప్పాయి. సుమారు 20 కోట్ల ఏళ్ళ నాటి మోర్గానుకోడాన్ అనే ఎలుకంత జీవికి పాత కీలూ కొత్త కీలూ రెండూ పక్కపక్కన ఉన్నాయి. 2011లో చైనా నుంచి వచ్చిన లియావోకోనోడాన్ శిలాజంలో చెవి ఎముకల్ని దవడకి కలుపుతూ ఎముకగా గట్టిపడిన మెకెల్ కడ్డీ అలాగే ఉంది. మనలో పిండం దశలోనే పోయేది ఆ జంతువులో పెద్దయ్యాక కూడా మిగిలింది. ఆ కథలో మన నేల వాటా కూడా కొంత ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలో కోట శిలలని పిలిచే జురాసిక్ కాలపు పొరల్లో ఇలాంటి తొలి క్షీరదాల పళ్ళు దొరికాయి. ఒక దానికి ఇండోథీరియం ప్రాణహితై అని, ఇంకోదానికి కోటథీరియం అని పేర్లు పెట్టారు. అదే శిలల్లో దొరికిన పెద్ద డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చాలామంది చూసే ఉంటారు. చిటికెన వేలి గోరు మీద పట్టే ఈ పళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, మన చెవి పుట్టుకకి ఆ డైనోసార్ కంటే వీటి యజమానులే దగ్గర.

శిలాజాలు అక్కర్లేకుండా ఈ మార్పుని బతికున్న జంతువులో కూడా చూడొచ్చు. ఒపోసమ్ లాంటి సంచి జంతువుల పిల్లలు బాగా పచ్చిగా పుడతాయి. పుట్టిన కొత్తల్లో వాటి చెవి ఎముకలు ఇంకా దవడకే అతుక్కుని ఉంటాయి, దవడ కదిలేదీ ఆ పాత కీలు మీదే. కొన్ని వారాల తర్వాత కొత్త కీలు తయారై, పాతది చెవికి వెళ్ళిపోతుంది.

కొత్త కీలుకి సంబంధించిన మృదులాస్థి వేరే. కింది దవడ వెనక, కణత ఎముకకి తగిలే గుండ్రటి కొస కాండైల్. పదో వారం ప్రాంతంలో అక్కడ కొత్తగా, మెకెల్ కడ్డీతో సంబంధం లేకుండా, మృదులాస్థి పుడుతుంది. నేరుగా కట్టిన ఎముక మీద తర్వాత వచ్చిన మృదులాస్థి కాబట్టి దీన్ని సెకండరీ కార్టిలేజ్ అంటారు. దీనికి కదలిక కావాలి. కడుపులో బిడ్డ నోరు తెరవడం, ఉమ్మనీరు మింగడం ఉత్తినే చేసే పనులు కావు, ఆ కండరాల లాగుడు కీలు పెరగడానికి అవసరం.

ఆకారం ఎవరు చెప్పారు?

కణాలు వచ్చాయి, పద్ధతి తెలుసు. అయినా ఇది పై దవడ అవ్వాలి, అది కింది దవడ అవ్వాలి అన్నది ఎలా తేలుతుంది?

కొంత భాగం జన్యువుల గుర్తుల వల్ల. శరీరం పొడవునా ఏ భాగం ఏదో గుర్తుపట్టించే హాక్స్ జన్యువులు మొదటి ఆర్చ్‌లోని క్రెస్ట్ కణాల్లో పనిచేయవు, రెండో ఆర్చ్ నుంచి మొదలవుతాయి. హాక్స్‌ఏ2 అనే జన్యువుని తీసేస్తే ఏమవుతుందో 1993లో ఎలుకల్లో చూశారు. రెండో ఆర్చ్ తన పని మర్చిపోయి మొదటి ఆర్చ్‌ని అనుకరించింది. కర్ణాంతరాస్థి రాలేదు, దాని బదులు కూటకం, దాగలి ఇంకో జత, అద్దంలో బొమ్మలా తిరగబడి వచ్చాయి. అంటే ఏ గుర్తూ లేకపోవడమే దవడ అవ్వడానికి గుర్తు. 2002లో డీఎల్‌ఎక్స్5, డీఎల్‌ఎక్స్6 అనే జంట జన్యువుల్ని తీసేసినప్పుడు ఇంకా విచిత్రం జరిగింది. కింది దవడ రావాల్సిన చోట రెండో పై దవడ వచ్చింది. కింద కూడా మీసాలు, అంగిలి మీద ఉండే గీతల్లాంటివి!

ఇది ఏ ఎముక అనేది వేరు, ఏ జాతి ఆకారంలో రావాలి అనేది వేరు. 2003లో బాతుకీ కౌజు పిట్టకీ క్రెస్ట్ కణాల్ని మార్చిపెట్టారు. బాతు పిండంలో కౌజు క్రెస్ట్ పెడితే కౌజు ముక్కు లాంటి పొట్టి మొనదేలిన ముక్కు వచ్చింది, కౌజులో బాతు క్రెస్ట్ పెడితే బాతు ముక్కులా పొడవుగా, బల్లపరుపుగా వచ్చింది. చుట్టూ ఉన్న చర్మం, కండ, రక్తం అన్నీ ఆతిథ్యమిచ్చిన పక్షివే, అయినా ఆకారం మాత్రం క్రెస్ట్ తెచ్చుకున్నదే. పిల్లాడికి వాళ్ళ నాన్న గడ్డమే వచ్చింది అంటారు కదా, ఆ పోలిక ఎక్కువగా మోసుకొచ్చేవి ఈ కణాలేనని ఈ ప్రయోగాలు చూశాక అనిపిస్తుంది.

గ్రహణం మీద నింద

ముఖం ఒకే ముక్కగా రాదు, రెండు పక్కల నుంచీ ముందు నుంచీ వచ్చిన ఉబ్బులు కలిసి అతుక్కోవాలి. పై పెదవి ఆరు, ఏడు వారాల్లో అతుక్కుంటుంది. అంగిలి పలకలు మొదట నాలుకకి రెండు పక్కలా నిలువుగా కిందికి వేలాడుతుంటాయి. ఎనిమిదో వారంలో పైకి లేచి అడ్డంగా పడి, పన్నెండో వారానికల్లా నడుమ కలుస్తాయి. ఎక్కడ కలవకపోయినా అక్కడ చీలిక మిగులుతుంది.

ఈ చీలిక గ్రహణం వల్ల వస్తుందని, గర్భిణి గ్రహణం రోజు బయటికి రాకూడదని, కత్తి పట్టకూడదని మన దగ్గర ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఉన్నారు. ఎక్కువగా భయపెట్టేది ఆరో నెల, ఏడో నెల కడుపుతో ఉన్నవాళ్ళని. పెదవి అతుక్కునే పని అప్పటికి ఎప్పుడో అయిపోయింది. అది జరిగే రోజుల్లో చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. ఆ తల్లి మీద వేసే నింద నాకు నమ్మకం కంటే క్రూరంగా కనిపిస్తుంది. నిజంగా జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు క్రెస్ట్ కణాల్ని నేరుగా దెబ్బతీస్తాయి. ముఖం, చెవి, గుండె లోపాలు రావచ్చు. అవి వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత ఒక నెల దాకా గర్భం రాకూడదు. ఫిట్స్‌కి ఇచ్చే వాల్ప్రొయేట్, పొగతాగడం, అదుపులో లేని షుగర్ కూడా ముప్పు పెంచుతాయి. ఫిట్స్ మందు మాత్రం సొంతంగా ఆపేయకూడదు, గర్భం అనుకుంటున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. చీలికతో పుట్టిన బిడ్డకి చికిత్స ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతికే పుట్టుక లోపాల్లో పెదవి, అంగిలి చీలిక ఒకటి.

అంగిలి చీలికకి ఒక్కోసారి అసలు కారణం అంగిలిలో ఉండదు. కింది దవడ మరీ చిన్నదైతే నాలుకకి ముందుకి జరిగే చోటుండదు. పలకలు లేవాల్సిన సమయానికి నాలుక పైనే అడ్డంగా ఉంటుంది. 1923లో దీని గురించి రాసిన పారిస్ దంతవైద్యుడి పేరు మీద పియర్ రాబిన్ సీక్వెన్స్ అంటారు. ఆ పిల్లలకి పుట్టగానే పాలు తాగడం కంటే ముందు ఊపిరే సమస్య, ఎందుకంటే నాలుక వెనక్కి పడి గొంతుకి అడ్డం వస్తుంది.

ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్‌లో తప్పు ఇంకా ముందే జరుగుతుంది. టీకాఫ్1 అనే జన్యువు చెడితే కణంలో ప్రొటీన్లు కట్టే రైబోజోములు సరిపడా తయారుకావు. అంత వేగంగా విభజన చెందాల్సిన క్రెస్ట్ తల్లి కణాలు తట్టుకోలేక చనిపోతాయి. దాంతో ఆర్చ్‌లకి చేరే కణాలే తక్కువ. చెంప ఎముకలు, కింది దవడ, చెవులు చిన్నవిగా వస్తాయి, తెలివితేటలు సాధారణంగా బాగానే ఉంటాయి. పద్ధతి లోపం కాదిది, వచ్చిన కణాల లెక్కలోనే లోపం.

మళ్ళీ పైకప్పుకి వస్తే, ఎముకల మధ్య అతుకులు సూచర్లు. మెదడు పెరుగుతుంటే అంచుల దగ్గర కొత్త ఎముక పడుతూ పోవాలి, కానీ రెండు అంచులూ కలిసిపోకూడదు. నుదుటి ఎముకకీ పెరైటల్‌కీ మధ్య అడ్డంగా ఉండే కరోనల్ సూచర్ సరిగ్గా క్రెస్ట్, మధ్యపొర కణాల సరిహద్దు మీద ఉంది. ట్విస్ట్1 జన్యువు చెడి ఆ సరిహద్దు చెదిరితే కణాలు అటూ ఇటూ కలిసిపోయి సూచర్ ముందే మూసుకుంటుంది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 మార్పులతో వచ్చే ఎపర్ట్, క్రూజాన్ సిండ్రోమ్‌లలోనూ సూచర్లు త్వరగా మూసుకుంటాయి. మొత్తంగా రెండు వేల నుంచి రెండున్నర వేల మంది పిల్లల్లో ఒకరికి ఏదో ఒక సూచర్ ముందే మూసుకుంటుంది. మూసుకున్న సూచర్‌కి అడ్డ దిశలో తల పెరగలేదు, దాని వెంబడి పొడవునా ఎక్కువ పెరుగుతుంది. ఈ సూత్రాన్ని 1851లోనే విర్షో అనే జర్మన్ వైద్యుడు చెప్పాడు, ఇప్పటికీ తల ఆకారం చూసి ఏ సూచర్ మూసుకుందో ఊహించడానికి డాక్టర్లు దాన్నే వాడతారు. ఎప్పుడూ ఒకే పక్క పడుకోబెట్టడం వల్ల తల వెనక చదునైతే అది వేరే సంగతి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మెలకువగా ఉన్నప్పుడు దగ్గరుండి బోర్లా పడుకోబెట్టడం, తల తిప్పుతుండడం చాలు. కానీ మాడు మరీ ముందే గట్టిపడి, తల చుట్టుకొలత నెలనెలా పెరగాల్సినంత పెరగకపోతే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఆపరేషన్ అవసరమైతే సాధారణంగా మొదటి ఏడాదిలోనే చేస్తారు.

నుదుటి ఎముక నడిమి సూచర్ మామూలుగానే ఏడాది నిండకముందే పూడుతుంది. మిగతావి పెద్దయ్యాకే. అడుగుభాగంలో ఆక్సిపిటల్‌కీ దాని ముందున్న స్ఫీనాయిడ్‌కీ మధ్య ఉన్న మృదులాస్థి అతుకు టీనేజీ దాకా పెరుగుతూ ముఖాన్ని ముందుకి తోస్తుంది. కాండైల్ మృదులాస్థి ఇంకా ఆలస్యం, ఇరవై ఏళ్ళ దాకా ఉంటుంది. కింది దవడ మరీ ముందుకొచ్చిన కుర్రాడికి ఆపరేషన్ చేయమని తల్లిదండ్రులు తొందరపెట్టినా, పెరుగుదల ఆగిందని ఎక్స్‌రేలలో తేలేదాకా ఆగమని దంత వైద్యులు చెప్పేది అందుకే. ముందే కోసి సరిచేస్తే కాండైల్ పెరుగుతూనే ఉంటుంది, రెండేళ్ళలో దవడ మళ్ళీ ముందుకొస్తుంది.